ఏ-లెవెల్‌లో సైకాలజీ

ఇంగ్లండులో సిక్స్త్ ఫారమ్‌లో, అంటే మన ఇంటర్‌లాంటి దశలో చేరి ఏ-లెవెల్ చదివే పిల్లలు సాధారణంగా మూడు సబ్జెక్టులే ఎంచుకుంటారు. మా అమ్మాయి వాటిలో ఒకటిగా సైకాలజీ తీసుకున్నప్పుడు, ఎంపీసీ, బైపీసీ తప్ప మరో దారి ఎరగని మా బంధువులకు అది అసలు చదువులాగే అనిపించలేదు. ఎదుటివారి మనసులో మాట పసిగట్టే విద్య అనుకున్నవారూ లేకపోలేదు.

నిజానికి ఈ కోర్సులో పరిశోధనా పద్ధతులకే పెద్దపీట. మొత్తం మార్కుల్లో కనీసం 10 శాతం గణిత నైపుణ్యాలకే కేటాయించారు. మొన్న మా అమ్మాయి సైన్ టెస్టు అనే గణాంక పరీక్ష లెక్క చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. 10 మంది విద్యార్థులకు సంగీతం వింటూ ఒకసారి, నిశ్శబ్దంలో మరోసారి వచ్చిన స్కోర్ల తేడాలకు ప్లస్, మైనస్ గుర్తులు పెట్టి, తక్కువసార్లు వచ్చిన గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి, ఆ సంఖ్య పట్టికలో ఇచ్చిన హద్దు 1ని మించకపోతేనే ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కాదని పరిగణించాలట. ఇది మా డిగ్రీ స్టాటిస్టిక్స్‌కు ఏమాత్రం తీసిపోదు.

పైవాడు ఆదేశిస్తే మనుషులు ఎదుటివారికి కరెంటు షాకులు ఇవ్వడానికి ఎంతదాకా వెళ్తారో చూసేందుకు మనస్తత్వవేత్త మిల్‌గ్రామ్ చేసి 1963లో ప్రచురించిన ప్రయోగంలో, 40 మందిలో 26 మంది ఆదేశానికి తలొగ్గి, అవి ఉత్తుత్తి షాకులని తెలియకుండానే, 450 వోల్టుల మీటదాకా వెళ్లారన్న సంగతి గుర్తుపెట్టుకోవడం తేలికే. వారంతా పురుషులే, స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారే అయినప్పుడు ఆ ఫలితాన్ని అందరికీ ఎంతవరకు వర్తింపజేయవచ్చో తర్కించడమే కష్టం. పరీక్షలు పెట్టే ఏక్యూఏ బోర్డు 16 మార్కుల వ్యాసప్రశ్నల్లో చాలావాటికి వివరణకు 6 మార్కులే, విమర్శనాత్మక చర్చకు 10.