న్యుమోనియా నుంచి కోలుకుంటున్నా, దగ్గు మాత్రం పోలేదు

ఎక్స్‌రే చూసి న్యుమోనియా అనగానే నాకు మొదట గుర్తొచ్చింది పాప. ఏడాదిన్నర పిల్ల, రోజూ నా పక్కలోనే పడుకుంటుంది. ఇంట్లో డెబ్బై దాటిన అత్తయ్య కూడా ఉన్నారు. "వాళ్లకి అంటుకుంటుందా డాక్టరుగారూ?" అని అడిగాను.

ఆవిడ ఓపిగ్గా చెప్పారు. అంటుకునేది ఆ జబ్బు తెచ్చిన క్రిమి. దగ్గినా తుమ్మినా తుంపర్లతో పక్కవాళ్లకి చేరుతుంది. చేరిన ప్రతివాళ్లకీ న్యుమోనియా రాదు, చాలామందికి జలుబుతోనో గొంతు నొప్పితోనో పోతుంది. కానీ పసిపిల్లలకి, 65 దాటినవాళ్లకి, షుగరు, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ. పొలమారి తిండో వాంతో ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే న్యుమోనియా అయితే అసలు అంటుకోదు. అందుకే ఎవరికి వచ్చినా, దేనివల్ల వచ్చిందో డాక్టర్ని తప్పకుండా అడగండి.

నాది బ్యాక్టీరియా వల్ల వచ్చింది. యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఒకటి రెండు రోజులు గడిచి, జ్వరం కూడా తగ్గితే ఇతరులకి సోకే అవకాశం బాగా తగ్గిపోతుందట. అప్పటిదాకా వేరే గదిలో ఉన్నాను. గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో సూదితో పొడిచినట్టు ఉండేది. దగ్గు వస్తోందని తెలియగానే దిండుని అక్కడ అదిమి పట్టుకునేదాన్ని. అవతల పాప తలుపు కింది సందులోంచి వేళ్లు పెట్టి పిలిచేది. ఆ చిన్ని వేళ్లని ముట్టుకోకుండా కూర్చోవడం నొప్పికంటే కష్టమైంది.

జ్వరం వారంలోపే పోయింది. దగ్గు పోలేదు. దగ్గు తగ్గడానికి ఆరు వారాలదాకా పట్టొచ్చనీ, నీరసం మూడు నెలలు దాటినా ఉండొచ్చనీ డాక్టరుగారు ముందే చెప్పారు. నిజంగానే జడ వేసుకుంటుంటే మధ్యలో చేతులు దించి కూర్చోవాల్సి వచ్చేది. చూడటానికి వచ్చినవాళ్లకి ఇది తెలియదు కదా. దగ్గు వినపడితే చాలు, గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. మందుల కోర్సు పూర్తయి, జ్వరం తగ్గిన మనిషిని మిగిలిన దగ్గు చూసి దూరం పెట్టకండి. ఊపిరితిత్తులు మానే క్రమంలో ఆ దగ్గు మామూలే. అప్పుడు మనిషికి కావాల్సింది పక్కన కూర్చునేవాళ్లు. మళ్లీ జ్వరం వచ్చినా, ఆయాసం పెరిగినా మాత్రం ఆలస్యం చేయకూడదు. పెద్దవాళ్లలో ఒక్కోసారి జ్వరమే ఉండదు, మాట తడబడి అయోమయంగా కనిపిస్తారు. అదీ ప్రమాద సూచనే.

అత్తయ్యకి న్యుమోకోకల్ టీకా (న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియాని అడ్డుకునేది), ఫ్లూ టీకా వేయించాం. పాపకి వేయాల్సినవన్నీ పడ్డాయో లేదో కార్డు తీసి సరిచూసుకున్నాం. నేను ఇంకా మధ్యాహ్నం ఒక గంట పడుకుంటున్నాను, పాప మళ్లీ నా పక్కనే.