గడియారాలు కలవని జట్టులో మైగ్రేషన్లు

మా జట్టు మూడు కాలమండలాల్లో విస్తరించి ఉంది. అందులో నాలాగా పని కోసం దేశం దాటి వచ్చినవారే ఎక్కువ. ఒకరు పని మొదలుపెట్టే వేళకు మరొకరు కంప్యూటరు మూసి ఇంటికి బయలుదేరుతుంటారు. ఇలాంటి చోట డేటాబేస్ స్కీమాను (టేబుళ్లు, కాలమ్‌ల అమరికను) గానీ సెర్చ్ ఇండెక్సును (వెతకడానికి వీలుగా అమర్చిన డేటాను) గానీ నోటిమాట మీద మార్చడం కుదరదు. ఇలాంటి ఒక్కో మార్పునే మైగ్రేషన్ అంటారు. కోడు దాచే రిపాజిటరీలో వరుస సంఖ్యలతో ఉన్న మైగ్రేషన్ ఫైళ్లు, వాటిని నడిపే కమాండ్ లైన్ టూలు, ఏది నడిచిందో ఏది నడవలేదో చెప్పే చరిత్ర, మేము ఆధారపడేది ఈ మూడింటి మీదే.

మైగ్రేషన్లను నడిపే ఫ్లైవే అనే టూలు వాడినవారికి ఆ చరిత్ర ఎలా ఉంటుందో తెలుసు. నడిచిన ప్రతి ఫైలుకూ డేటాబేసులోనే ఒక టేబుల్‌లో ఒక వరుస చేరుతుంది: వెర్షన్, వివరణ, చెక్‌సమ్ (ఫైలులో ఉన్నదాని నుంచి లెక్కగట్టిన సంఖ్య), ఏ ఖాతాతో నడిచింది, ఎప్పుడు నడిచింది, ఎంతసేపు పట్టింది, సఫలమైందా లేదా. నడిచిపోయిన ఫైలును ఎవరైనా తర్వాత సవరిస్తే చెక్‌సమ్ కలవదు కాబట్టి వాలిడేట్ కమాండ్ అక్కడే ఆపేస్తుంది. లిక్విబేస్ అనే టూలు కూడా ఇంచుమించు ఇదే పద్ధతిని పాటిస్తూ, ఇద్దరు ఒకేసారి నడపకుండా తాళం కోసం ఇంకో టేబుల్ పెట్టుకుంటుంది. అలెంబిక్ అనే మరో టూలు మాత్రం డేటాబేస్ ఇప్పుడు మార్పుల వరుసలో ఏ రివిజన్ దగ్గర ఉందో ఆ గుర్తును మాత్రమే దాచుకుంటుంది. ఎవరు నడిపారు, ఎప్పుడు నడిపారు అని అడిగితే దాని దగ్గర జవాబు లేదు. ఒకే గదిలో కూర్చునే జట్టుకు అది చాలవచ్చు గానీ మాకు చాలదు.

ఫైలు పేరులో పెట్టే సమయం చిన్న సంగతిగా కనిపిస్తుంది. తూర్పున ఉన్న ఇంజనీరు తన స్థానిక సమయం ప్రకారం సాయంత్రం 5 గంటల ముద్రతో ఒక ఫైలు రాసి నడిపించాడనుకుందాం. ఆ తర్వాత ఎన్నో గంటలకు పడమటివైపు ఇంజనీరు రాసిన ఫైలుకు అదే తేదీన ఉదయం 10 గంటల ముద్ర పడుతుంది. వెనుక పుట్టిన ఫైలుకు ముందు సంఖ్య వచ్చింది గనుక ఫ్లైవే దాన్ని మామూలుగా నడపదు. వరుస తప్పిన వాటిని అనుమతించాలని విడిగా చెప్పాలి. శరదృతువులో గడియారాన్ని గంట వెనక్కి తిప్పే దేశాల్లోనైతే ఒకే గంట రెండుసార్లు వస్తుంది. 2008లో వచ్చిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్ 2.1 నుంచి అక్కడి మైగ్రేషన్లకు యూటీసీ (ప్రపంచమంతటా ఒకటే అయిన ప్రామాణిక) సమయాన్నే వాడటం వెనుక ఎంత ముందుచూపు ఉందో ఇలాంటి జట్టులో పనిచేస్తేనే తెలుస్తుంది.

పరాయి దేశంలో పనిచేసేవారికి ఈ పద్ధతిలో ఇంకో మేలు ఉంది. సమావేశాల్లో గడగడా మాట్లాడగలిగేవారి మాటే నెగ్గుతుంది. పుట్టుకతో రాని భాషలో ఆచితూచి మాట్లాడేవారు నోరు విప్పేలోగా చర్చ మరో విషయానికి వెళ్లిపోతుంది. రివ్యూకు వచ్చిన మైగ్రేషన్ ఫైలుకు యాస ఉండదు. ప్రొడక్షన్ నకలు మీద నడిపి చూసిన ఫలితాన్ని, పట్టిన సమయంతో సహా కింద అతికిస్తే, అది ఎవరు రాసినా ఒకే తూకంతో చదువుతారు.

ట్రాఫిక్ లేని రాత్రివేళ మార్పు చేద్దామనే సలహా మాకు పనికిరాదు, ఎందుకంటే మా వినియోగదారులలో ఎవరో ఒకరికి అది పట్టపగలే. అందుకే తాళాల గురించి, అంటే ఒక పని సాగుతుండగా మిగతావాటిని ఆపే ఏర్పాటు గురించి, ఎక్కువగా ఆలోచించాల్సి వస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో చాలా రకాల ఆల్టర్ టేబుల్ మార్పులు (టేబుల్ అమరికను మార్చే కమాండ్లు) ఆ టేబుల్ మీద అన్నిటికంటే కఠినమైన తాళాన్ని కోరతాయి. అప్పటికే ఎవరిదో పెద్ద రిపోర్టు క్వెరీ నడుస్తుంటే మన మార్పు దాని వెనుక నిలబడుతుంది. ఆ తర్వాత వచ్చిన మామూలు సెలెక్టులన్నీ (డేటాను చదివే క్వెరీలు) మన వెనుక నిలబడతాయి. క్షణంలో అయిపోయే మార్పు కూడా ఈ విధంగా మొత్తం సైటును స్తంభింపజేయగలదు. కాబట్టి ప్రతి ఫైలు మొదట్లో తాళం కోసం కొన్ని సెకన్లకు మించి ఎదురుచూడవద్దని నిర్దేశించి, దొరకకపోతే విరమించుకుని మళ్లీ ప్రయత్నించేలా టూలును అమర్చుకున్నాం. స్థిరమైన డిఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చడం వెర్షన్ 11 నుంచి టేబుల్‌ను తిరగరాయకుండానే జరుగుతోంది. డేటాబేస్ ఇండెక్సును కంకరెంట్లీ, అంటే టేబుల్‌లోకి రాతలను ఆపకుండా, నిర్మించేటప్పుడు మాత్రం ట్రాన్సాక్షన్ రక్షణ (విఫలమైతే అంతా వెనక్కి పోయే హామీ) ఉండదు. మధ్యలో విఫలమైతే చెల్లని ఇండెక్సు ఒకటి మిగిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్లీ కట్టాలి.

సెర్చ్ ఇండెక్సులు ఉండే ఎలాస్టిక్‌సెర్చ్ స్వభావం వేరు. ఇండెక్సుకు కొత్త ఫీల్డును చేర్చవచ్చు గానీ ఉన్న ఫీల్డు రకాన్ని మార్చనివ్వదు. టెక్స్ట్‌గా (పదాలుగా విడగొట్టి వెతికేలా) పెట్టినదాన్ని కీవర్డ్‌గా (మొత్తం విలువను ఒకటిగా చూసేలా) మార్చాలంటే పక్కన కొత్త ఇండెక్సు కట్టి, డాక్యుమెంట్లన్నిటినీ అందులోకి రీఇండెక్స్ చేసి, చివరకు అలియాస్‌ను (ఇండెక్సును పిలిచే మారుపేరును) పాతదాని నుంచి తీసి కొత్తదానికి తగిలించాలి. ఈ తీయడం, తగిలించడం ఒకే అభ్యర్థనలో పంపితే మధ్యలో ఖాళీ లేకుండా జరుగుతాయి. అయితే కాపీకి గంటలు పడుతుంది. మొదలుపెట్టినవారు నిద్రపోతారు. అందువల్ల మా టూలు ఆ పనిని వెనుక నడిపించి, వచ్చిన టాస్క్ గుర్తింపును, ఏ ఇండెక్సు నుంచి ఏ ఇండెక్సుకు అన్నదాన్ని అదే చరిత్ర టేబుల్‌లో రాస్తుంది. తరువాతి కాలమండలంలోని వ్యక్తి స్టేటస్ కమాండ్ ఇవ్వగానే మొత్తం ఎన్ని డాక్యుమెంట్లు, ఎన్ని చేరాయి, వెర్షన్ ఘర్షణలు ఎన్ని అన్నది కనిపిస్తుంది. కాపీ వేగంగా సాగేందుకు తగ్గించిన రెప్లికాలు (అదనపు ప్రతులు), ఆపిన రిఫ్రెష్ (కొత్త రాతలను సెర్చ్‌లో కనిపించేలా చేయడం) తిరిగి మామూలు స్థితికి వచ్చాయో లేదో కూడా ఆ తెరమీదే ఉండాలని నేను పట్టుబట్టాను, ఎందుకంటే అలియాస్ మారగానే పని అయిపోయిందని అందరికీ అనిపిస్తుంది.

కాపీ సాగుతుండగా మార్పులు రెండు ఇండెక్సులకూ వెళుతుంటాయి. అప్పుడు జరిగే తొలగింపులే అన్నిటికంటే చిక్కు. రీఇండెక్స్ తాను మొదలైన క్షణం నాటి దృశ్యాన్నే చదువుతుంది. ఆ తర్వాత రెండు ఇండెక్సుల్లోనూ తీసేసిన డాక్యుమెంటు పాత ప్రతి కొత్త ఇండెక్సుకు ఆలస్యంగా చేరవచ్చు. డేటాబేసు నుంచి వచ్చే వెర్షన్ సంఖ్యలను వాడితే పాతది కొత్తదాన్ని తొక్కేయకుండా ఆపవచ్చు గానీ, తొలగించిన గుర్తు డిఫాల్టుగా 60 సెకన్లే నిలుస్తుంది. అది చెరిగిపోయాక వచ్చిన పాత ప్రతిని ఎవరూ ఆపరు. అందుకే అలియాస్ మార్చడానికి ముందు డేటాబేసులోని ఐడీలతో కొత్త ఇండెక్సులోని ఐడీలను సరిపోల్చే మెట్టు ఒకటి తప్పనిసరి చేశాం. మొత్తం సంఖ్యలు కలిస్తే చాలనుకోవడం పొరపాటు. ఒకటి తగ్గి ఒకటి పెరిగినా సంఖ్య కలుస్తుంది.

వెనక్కి వెళ్లే దారి గురించి నా అభిప్రాయం కొంత కటువైనది. మార్పును వెనక్కి తిప్పే డౌన్ మైగ్రేషన్ రాసుకున్నామన్న ధీమా చాలావరకు ఉత్తదే. తీసేసిన కాలమ్‌ను తిరిగి చేర్చవచ్చు గానీ అందులోని విలువలు తిరిగి రావు. పాత ఇండెక్సును కొన్నాళ్లు ఉంచుకోవడం కూడా, రాతలు రెండింటికీ వెళుతున్నంత కాలమే పనికొస్తుంది.

పెద్ద మార్పును మెట్లుగా చేసేటప్పుడు కొత్త కాలమ్ చేర్చడం, రెండు చోట్లా రాయడం, పాత విలువలు నింపడం, చదవడాన్ని మార్చడం ఉత్సాహంగా జరిగిపోతాయి. పాత కాలమ్‌ను, పాత ఇండెక్సును తీసేసే ఆఖరి మెట్టు వారాల తర్వాత గానీ రాదు. ఆపాటికి దాన్ని ఆరంభించిన మనిషి కాంట్రాక్టు ముగిసి మరో దేశంలో ఉండవచ్చు. ఇప్పుడు మా టూలు ఆ తీసివేత ఫైలును మొదటి ఫైలుతో పాటే అడుగుతుంది, నడపాల్సిన తేదీతో సహా. గడువు దాటిన తీసివేతలు ఉంటే స్టేటస్ కమాండ్ వాటిని అన్నిటికంటే పైన చూపిస్తుంది.