వల దగ్గర మా రాణి

బదిలీ మీద వెళ్తూ అన్నయ్య తన లాబ్రడార్ కుక్క రాణిని మా ఇంట్లో వదిలి మూడు నెలలైంది. ‘రోజూ నడిపించమ్మా, చాలు’ అన్నాడు. నేనూ అంతే అనుకున్నాను.

నిన్న తెల్లారకముందే జోడుగుళ్లపాలెం తీరానికి తీసుకెళ్లాను. జాలర్లు అలివి వల లాగుతున్నారు. వల నుంచి ఊడిన బెండు ఒకటి అలల్లో తేలుతుంటే రాణి దూకేసింది. నాకు ఒకటే టెన్షన్! అది మాత్రం తోకను చుక్కానిలా తిప్పుకుంటూ ఈది, బెండును తెచ్చి ఓ పెద్దాయన చేతిలో పెట్టింది. దాని మీద పంటిగాటు ఒక్కటీ లేదు. ‘ఇదేటమ్మా, వల పని నేర్పినావేటి?’ అన్నాడాయన.

ఎవరూ నేర్పలేదు. దీని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లకు వలలు లాగిపెట్టినవే. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1903లో లాబ్రడార్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది. ఇంటికొచ్చాక పాదం విప్పి చూశాను. వేళ్ల మధ్య పల్చటి చర్మం, బాతుకున్నట్టే!

చలినీళ్ల కోసం పుట్టిన రెండు పొరల బొచ్చు అది. మన వైజాగ్ ఉక్కలో పాపం ఎంత కష్టమో. అందుకే ఎండెక్కేలోపే తిరిగొచ్చేస్తాం. మంచినీళ్లతో ఉప్పంతా కడిగి, వాలు చెవుల లోపల మెత్తగా తుడుస్తాను. తడి నిలిస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. తుడిచినంతసేపూ కళ్లు మూసుకుని, తల నా మోకాలి మీదే పెడుతుంది.