క్యాంపర్ వ్యాన్ వెనక తలుపుకు సైకిల్ క్యారియర్: పని ఎంతవరకు వచ్చింది

బండి ఫోర్స్ ట్రావెలర్ డెలివరీ వ్యాన్, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 3350 మి.మీ. లోపల మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు ఎప్పుడో అయిపోయాయి. మిగిలింది సైకిళ్లు. ఒకటి 14 కిలోల హైబ్రిడ్, ఇంకోటి 15.5 కిలోల ఎంటీబీ (మౌంటెన్ బైక్). లోపల పెడితే మంచం సగం పోతుంది. పైన పెడదామంటే నిచ్చెన వేసి రెండున్నర మీటర్ల ఎత్తుకు ఎత్తాలి, పైగా హైదరాబాద్ నుంచి చేవెళ్ల దారిలో మర్రికొమ్మలు ఎక్కడ తగులుతాయో చెప్పలేం. అందుకే వెనక తలుపు.

కొలతలు

క్యారియర్ కొనడానికి ముందు తలుపు సంగతి తేలాలి. రెండు రెక్కల తలుపులో ఒక రెక్క ముందు తెరుచుకుంటుంది, రెండోది దాని వెనకే. క్యారియర్ తప్పనిసరిగా ముందు తెరుచుకునే రెక్క మీదే ఉండాలి. సైకిల్ పొడవు సుమారు 1750 మి.మీ., రెక్క వెడల్పు అందులో సగం కూడా ఉండదు. అంటే సైకిల్ రెండో రెక్కను కప్పేస్తుంది. క్యారియర్‌ను పొరపాటున రెండో రెక్కకు బిగిస్తే మొదటి రెక్క తెరుచుకోదు, అది తెరుచుకోనిదే రెండోదీ రాదు. సైకిళ్లు దించితే తప్ప బండి వెనక భాగం మూతపడినట్టే.

బందుల (తలుపు తిరిగే హింజిల) వైపు సైకిల్ ఎంత బయటికి వస్తుందో కూడా కొలవాలి. తలుపు 90 డిగ్రీలు తెరిస్తే ఇబ్బంది లేదు. ఇంకా ముందుకు తిప్పితే ఆ బయటికొచ్చిన చక్రం బండి పక్క రేకును కొడుతుంది. అందుకని 90 దగ్గరే ఆగేలా లోపల ఒక పాలిస్టర్ పట్టీ కట్టాం. గాలికి తలుపు దానంతటది తిరిగిపోకుండానూ అదే ఆపుతుంది.

తర్వాత బందుల పరీక్ష. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు తీసుకోండి, నిండుగా ఉంటే 40 కిలోల పైనే. తలుపును 90 డిగ్రీలకు తెరిచి, రెక్క చివర నేల నుంచి ఎత్తు కొలిచి రాసుకోండి. ఒక గట్టి చెక్కను తలుపు ఫ్రేముకు కట్టి, తలుపు నుంచి 300 మి.మీ. బయటికి క్యాన్లు వేలాడదీసి మళ్లీ కొలవండి. 2 మి.మీ. లోపు దిగితే మేము ఒప్పుకుంటాం. అంతకంటే ఎక్కువైతే బందు పిన్ను గాని, దాని చుట్టూ ఉండే బుష్ గాని అరిగిందని లెక్క. వాటిని మార్చాకే క్యారియర్ మాట. మా బండిలో పై బందు బుష్ అరిగి ఉంది. మార్చకముందు 5 మి.మీ. దిగింది, మార్చాక 1.5.

ఎలాంటి క్యారియర్

పట్టీలతో డిక్కీకి తగిలించే రకాన్ని మొదటే పక్కన పెట్టేశాం. కార్లకు పరవాలేదేమో గాని, ఇంత నిలువుగా ఉండే తలుపు మీద బరువంతా పైఅంచు రేకు మీద పడుతుంది. తలుపు రేకు మందం 0.8 మి.మీ. అటూ ఇటూ. కొక్కెం పడిన చోట సొట్ట, అక్కడ పెయింటు లేచి తుప్పు, తలుపు అంచు రబ్బరు బీడింగ్ కింద సందు, ఆ సందులోంచి వాననీళ్లు. ఇవన్నీ వరుసగా వచ్చేవే.

యూరప్‌లో ఫియట్ డుకాటో బాడీకి సరిపోయేలా థూలే, ఫియామా కంపెనీలు క్యారియర్లు చేస్తాయి. రెండు సైకిళ్లకు, 35 కిలోల దగ్గర పరిమితితో వస్తాయి. థూలే ఎలైట్ వ్యాన్ ఎక్స్‌టీ రేకుకు రంధ్రం పెట్టకుండా బందులనే పట్టుకుంటుంది. ఆలోచన చాలా మంచిది. కానీ మన బండి బందులు వేరు, బోల్టుల మధ్య దూరం వేరు. తెప్పించుకున్నా బ్రాకెట్లు మళ్లీ చేయించాల్సిందే. అందుకే ఆలోచన అక్కడిది, ఇనుము ఇక్కడిది అనుకున్నాం.

లెక్క ఇదీ. సైకిళ్లు 29.5 కిలోలు, క్యారియర్ 8.5, మొత్తం 38. ఈ బరువు కేంద్రం తలుపు నుంచి 300 మి.మీ. బయట ఉంది. పై పట్టుకూ కింది పట్టుకూ మధ్య ఒక మీటరు. బండి నిలబడి ఉంటే పై పట్టును బయటికి లాగే బలం 38 × 0.3, అంటే 11.4 కిలోలే. కాలనీ స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడితే మూడింతలు వేసుకోవాలి, అప్పుడు 34 కిలోలు. కింది పట్టు అదే బలంతో తలుపును లోపలికి నొక్కుతుంది, పైగా 114 కిలోలు నిలువుగా మోయాలి. పైన లాగుడు అనుకున్నంత భయంకరం కాదు. కింద నొక్కుడూ మోతా అసలు సంగతి. చాలామంది పైన నాలుగు బోల్టులు వేసి, కింద ఉత్త రబ్బరు బుడిపెలు ఆనించి వదిలేస్తారు. సొట్ట పడేది అక్కడే.

ఇరుసు లెక్క కూడా చూడాలి. వెనక ఇరుసు నుంచి సైకిళ్ల బరువు కేంద్రం 1700 మి.మీ. వెనక ఉంది. వీల్‌బేస్ 3350. కాబట్టి 38 కిలోలు వెనక ఇరుసు మీద 57 కిలోలై కూర్చుంటాయి, ముందు ఇరుసు నుంచి 19 కిలోలు తీసేస్తాయి. నీళ్ల ట్యాంకు కూడా వెనకే ఉన్న బండిలో ఇది చిన్న విషయం కాదు. ఎలక్ట్రిక్ సైకిళ్లయితే ఒక్కొక్కటి 20 నుంచి 25 కిలోలు, రెండూ తలుపు మీదకు వద్దు. వాటికి ఛాసిస్‌కు బిగించి పక్కకు తిరిగే స్టాండే సరైనది.

చేయించిన భాగాలు

బాలానగర్‌లో లేజర్ కటింగ్‌కు ఇచ్చినవి: 5 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటుతో బందు బ్రాకెట్లు రెండు, 3 మి.మీ. ప్లేటుతో లోపలి వైపు వేసే బ్యాకింగ్ ప్లేట్లు నాలుగు (ఒక్కోటి 150 × 60). ఫ్రేముకు 25 మి.మీ. గుండ్రటి పైపు, 2 మి.మీ. మందం. మీటరుకు 1.13 కిలోలు తూగుతుంది. చదరపు పైపు అదే కొలతలో 1.4 దగ్గర తూగుతుంది, వెల్డింగ్ మాత్రం సులువు. చక్రాలకు 65 మి.మీ. లోపలి వెడల్పు ఉన్న యూ ఛానళ్లు రెండు, వాటి మధ్య దూరం 200 మి.మీ. 180 పెడితే ఒక సైకిల్ హ్యాండిల్ రెండోదాని సీటును గీకింది. సైకిళ్లను ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పి పెట్టడం మరవద్దు.

రాణిగంజ్‌లో తీసుకున్నవి: 8.8 గ్రేడ్ ఎం8 బోల్టులు, పెద్ద వాషర్లు, నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి). బందు బోల్టులు మాత్రం పాతవాటి తల మీద ఏ గ్రేడ్ ఉంటే అదే తీసుకోవాలి, పొడవు బ్రాకెట్ మందమంత, అంటే 5 మి.మీ. ఎక్కువ. మామూలు తెల్ల బోల్టులు చవకగా దొరుకుతాయి, తల మీద ఏ అంకే ఉండదు. అవి ఇక్కడ వాడొద్దు.

బిగింపు

బందు బోల్టులు అన్నీ ఒకేసారి విప్పకూడదు. ఒకటి విప్పి, బ్రాకెట్ మీదుగా కొత్తది వేసి, ఆ తర్వాతే రెండోది. తలుపు వరస తప్పితే మళ్లీ కుదర్చడానికి ఒక పూట పోతుంది.

గొళ్లెం వైపు నాలుగు బోల్టులకు రంధ్రాలు తప్పలేదు. లోపలి ప్యానెల్, ఇన్సులేషన్ తీసి లాకు కడ్డీలు, వైర్లు ఎక్కడ పోతున్నాయో చూసి గుర్తు పెట్టాం. ముందు 3 మి.మీ. డ్రిల్లు, తర్వాత 8.5. తలుపు లోపల డొల్ల కాబట్టి బోల్టు బిగిస్తే రెండు రేకులూ దగ్గరకు నొక్కుకుపోతాయి. దీనికి మందు స్పేసర్ గొట్టం: 14 మి.మీ. బయటి వ్యాసం, 8.5 లోపలి రంధ్రం, పొడవు రెండు రేకుల మధ్య సందును బట్టి. లోపలి రేకు రంధ్రాన్ని గొట్టం దూరేలా 14.5కు పెంచాం. లోపలి నుంచి దూర్చిన గొట్టం బయటి రేకు వెనక ఆనుతుంది, దాని మీద బ్యాకింగ్ ప్లేటు కూర్చుంటుంది. అందుకే గొట్టం పొడవులో లోపలి రేకు మందం కూడా కలపాలి. ప్రతి రంధ్రం దగ్గరా సందు వేరు. నాలుగూ విడివిడిగా కొలిచి కోయించాం.

రంధ్రాల అంచులకు జింక్ ప్రైమర్, ఆరాక పీయూ (పాలీయురేతేన్) సీలెంట్. డ్రిల్లు రజను తలుపు అడుగున పడి వారం తిరక్కుండానే తుప్పు మరకలు దింపుతుంది. అయస్కాంతంతో ఒకసారి, వ్యాక్యూమ్‌తో ఒకసారి తీసేయాలి. తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలు సీలెంట్‌తో మూసుకుపోకుండా చూసుకోండి.

రేకు మీద బిగించే ఎం8కు 15 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాం. బ్రాకెట్‌కు ఫ్రేము కలిసే చోట 25.

నంబరు ప్లేటు, లైట్లు

కింది ఛానల్ నేల నుంచి 850 మి.మీ. ఎత్తులో ఉంది. ప్లేటు బంపర్ దగ్గర ఉండడంతో కనబడుతుంది, దాని లైటు వెలుగూ తగ్గలేదు. రాత్రి 15 మీటర్ల నుంచి చదవగలగాలన్నది నిబంధన. దూరం కొలిచి నిలబడి చూశాం, అంకెలు తెలుస్తున్నాయి. ప్లేటు తలుపు మీదే ఉన్న బండ్లలో ఇది గట్టి చిక్కు. హై సెక్యూరిటీ ప్లేటు తాళాలు ఒకసారి విప్పితే మళ్లీ పనికిరావు, మనంతట మనం ప్లేటు జరపకూడదు. అలాంటి బండికి క్యారియర్ ఎత్తు ప్లేటును బట్టే తేలాలి. పొగ గొట్టం మూతి కూడా చూడండి. డీజిల్ పొగ నేరుగా సైకిల్ టైరుకు తగిలితే రబ్బరు పాడవుతుంది.

పరీక్ష

మొదటి 50 కిలోమీటర్లు ఔటర్ రింగ్ రోడ్డు, గంటకు 80 దాటకుండా. బోల్టులన్నిటికీ నట్టు నుంచి ప్లేటు మీదకు పెయింట్ పెన్నుతో గీత గీసి ఉంచాం. తిరిగొచ్చి చూస్తే నట్టు ఒక్కటీ జరగలేదు, గీతలన్నీ నిలువుగానే ఉన్నాయి. అయినా టార్క్ రెంచ్ పెడితే పదిలో నాలుగు ఇంకొంచెం తిరిగాయి. కారణం పౌడర్ కోటింగ్. వాషర్ కింద ఆ పొర నలిగి పలచబడితే నట్టు తిరగకపోయినా బిగువు తగ్గిపోతుంది. గీతను మాత్రమే నమ్ముకుంటే ఇది దొరకదు. వాషర్ కూర్చునే చోట పొర గీకేసి, పలచగా ప్రైమర్ వేసి మళ్లీ బిగించాం. తర్వాత 200 దగ్గర ఒకటి కొద్దిగా తిరిగింది, 500 దగ్గర ఒక్కటీ లేదు.

రెండో దారి చేవెళ్ల మీదుగా వికారాబాద్, అనంతగిరి ఘాట్. మలుపుల్లో సైకిళ్లు పక్కకు ఊగాయి. చక్రం పట్టీలు రెండు, ఫ్రేము కొక్కెం ఒకటి ఉన్నా చాలలేదు. కింది పైపు నుంచి సైకిల్ క్రాంక్ (పెడళ్లు బిగించే కడ్డీ) దగ్గరకు ఏటవాలుగా ఒక రాచెట్ పట్టీ వేస్తే ఆగింది. పట్టీలు పాలిస్టర్‌వి కావాలి. నైలాన్ తడిస్తే సాగుతుంది, వర్షాకాలంలో పొద్దున బిగించింది మధ్యాహ్నానికి వదులు.

నీళ్లు కారడానికి రెండు పరీక్షలు. ఒక పేపరు ముక్క బీడింగ్ మీద పెట్టి తలుపు వేసి లాగాలి. సులువుగా వచ్చేస్తే అక్కడ నొక్కు లేదు. సైకిళ్లు ఎక్కించాక గొళ్లెం వైపు కింది మూలలో పేపరు జారింది. స్ట్రైకర్‌ను (గొళ్లెం తగులుకునే ముక్కను) ఒక మి.మీ. లోపలికి జరిపితే పట్టుకుంది. తర్వాత పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టాం, లోపల పొడిగానే ఉంది.

ఇప్పటికి 1100 కిలోమీటర్లు. రబ్బరు ప్యాడ్ల కింద దుమ్ము చేరి హైబ్రిడ్ ఫ్రేము మీద గీత పడింది. ప్రతి ప్రయాణానికి ముందు ప్యాడ్లు కడగాలి, పట్టు పడే చోట ఫ్రేముకు పారదర్శక టేపు వేయాలి. కార్బన్ ఫ్రేమును మాత్రం ఈ కొక్కెంతో అసలు బిగించకూడదు. మిగిలింది రివర్స్ కెమెరా: సైకిల్ చక్రం సరిగ్గా దాని ఎదురుగా వస్తోంది. కొత్త బ్రాకెట్‌తో దాన్ని బయటి ఛానల్ చివరకు తేవాలి. వైరు తలుపు మడత దగ్గర తెగకుండా రబ్బరు బూట్ లోంచి పోనివ్వాలి. దానికి 12 మి.మీ. బూట్ దొరికింది, వచ్చే ఆదివారం పని.