ఏ చేలో దొరికింది?

మాది కర్నూలు జిల్లా తుగ్గలి దగ్గర ఒక పల్లె. తొలకరి పడిందంటే మా వైపు చేలల్లో విత్తనాల కంటే ముందు మనుషులు దిగుతారు. జొన్నగిరి, తుగ్గలి, పెరవలి చుట్టుపక్కల ఎర్రనేలల్లో వాన కడిగిన మట్టి మీద ఎండ పడగానే ఎక్కడైనా వజ్రం మెరుస్తుందేమోనని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి నడుం వంచి నడుస్తుంటారు. రాత్రిళ్ళు బడి వరండాల్లో, గుళ్ళల్లో పడుకుంటారు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి నేనూ ఆ వరసలో నడిచాను. వజ్రం దొరకలేదు. నేల చూస్తూ నడిచే అలవాటు మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు ఇంగ్లండులో, సఫోక్ ప్రాంతంలోని ఇప్స్విచ్‌లో ఉంటున్నాను. మా పక్కింటి పెద్దాయన ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యాడు. వారాంతం వస్తే కారు డిక్కీలో మెటల్ డిటెక్టర్, చిన్న పార వేసుకుని పొలాలకు వెళ్ళిపోతాడు. ఒకసారి మాటల్లో మా వజ్రాల వేట సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు వివరాలు అడిగాడు. వాన పడితేనే ఎందుకు, ఏ రంగు నేల, రైతులు రానిస్తారా అని. చివరికి, "గోధుమ కోతలయ్యాయి, ఇంకా దున్నలేదు. శనివారం నాతో రా" అన్నాడు. గత సెప్టెంబరులో మాట ఇది.

ఇప్స్విచ్ నుంచి ఉత్తరంగా ఏ140 రోడ్డు పట్టుకున్నాం. చాలా దూరం గీత గీసినట్టు సాగే రోడ్డు అది. రోమన్లు వేసిన బాట మీదే ఇప్పటి రోడ్డు నడుస్తోందని, ఈ చుట్టుపక్కల పొలాల్లో వాళ్ళ నాణేలు అందుకే దొరుకుతాయని ఆయన చెప్పాడు. పొలానికి వెళ్ళే ముందు నాకొక ఊరు చూపిస్తానని కారు పక్కకు తిప్పాడు. ఆ ఊరి పేరు హాక్సన్. చిన్న ఊరు. ఒక వాగు, దాని మీద గోల్డ్‌బ్రూక్ అనే వంతెన. 869లో డెన్మార్క్ వైపు నుంచి దండెత్తి వచ్చిన డేన్ల సైన్యానికి దొరక్కుండా, ఈ ప్రాంతాన్ని ఏలే ఎడ్మండ్ రాజు ఆ వంతెన కింద దాక్కున్నాడనీ, కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి నీళ్ళలో గుర్రాన్ని అదిలించడానికి ఆయన మడమలకు కట్టుకున్న బంగారు ముళ్ళ నీడ చూసి పట్టించిందనీ అక్కడ కథ చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో గానీ, ఈ ఊరి పొలంలో బంగారం దొరికిన మాట నిజం.

1992 నవంబరు 16న ఇక్కడి కౌలు రైతు పీటర్ వాట్లింగ్ తన సుత్తి పోయిందని స్నేహితుడు ఎరిక్ లాజ్‌ను పిలిచాడు. లాజ్ దగ్గర మెటల్ డిటెక్టర్ ఉండేది. సుత్తి కోసం తిప్పుతుంటే వెండి చెంచాలు, బంగారు గొలుసులు, నాణేలు బయటపడ్డాయి. లెక్క తేలేసరికి నాణేలే 14,865. బ్రిటన్‌ను రోమన్లు వదిలిపోతున్న రోజుల్లో, 5వ శతాబ్దం మొదట్లో ఎవరో పెట్టెలో సర్ది పాతిపెట్టిన సొత్తు అది. పదిహేడున్నర లక్షల పౌండ్ల వెల కట్టారు.

వాగు గట్టున నిలబడి ఆయన చెప్పిన వాటిలో నా మనసుకు పట్టింది ఆ వెల కాదు. లాజ్ కొంత తవ్వి, ఇదేదో పెద్దదని అర్థం కాగానే చెయ్యి ఆపేశాడు. మిగతాది ముట్టుకోకుండా అధికారులకు కబురు పెట్టారు. మర్నాడు పురావస్తు శాఖ వాళ్ళు వచ్చి, ఏ వస్తువు దేని పక్కన ఉందో, దేని కింద ఉందో చూసుకుంటూ తీశారు. అందుకే లోపల పెద్ద చెక్కపెట్టె ఉండేదనీ, అందులో చిన్న పెట్టెలు ఉండేవనీ తెలిసింది. చెక్క ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. అది ఉండిన చోటు మాత్రం మిగిలింది. ఆ నిధితో పాటు సుత్తి కూడా బ్రిటిష్ మ్యూజియం చేరింది.

తర్వాత లండన్ వెళ్ళి ఆ నిధి చూశాను. అందులో ఒక స్త్రీ ప్రతిమ ఉంది, వెండిది, అరచెయ్యంత ఎత్తు, జుట్టు వంకీలు తీర్చి, అక్కడక్కడా బంగారు పూత. అడుగున తిప్పితే తెరుచుకునే చిల్లులు. అది మిరియాల డబ్బీ. మిరియాలు అంటే మన దక్షిణాది నుంచి ఓడలెక్కి వెళ్ళిన సరుకు. అలాంటి వ్యాపారంలో వచ్చిన రోమన్ నాణేలు మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలోనూ, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలోనూ బయటపడ్డాయి. ఆ అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఇక మా పొలం. హాక్సన్‌కు కొన్ని మైళ్ళ దూరంలో, పెద్దాయనకు ఇరవై ఏళ్ళుగా తెలిసిన రైతుది. ఇక్కడ రైతు అనుమతి లేకుండా డిటెక్టర్‌తో అడుగుపెట్టకూడదు. రక్షిత ప్రాంతాలుగా ప్రకటించిన చోట్ల రైతు సరేనన్నా నేరమే. దొరికినదాని విలువలో సగం రైతుకు, సగం వెతికినవాడికి అని ముందే రాసుకుంటారు. రాత్రిపూట దొంగతనంగా వచ్చి తవ్వుకుపోయే వాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేరెత్తితే చాలు, ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే పెద్దాయన ముఖం ఎర్రబడుతుంది.

గోధుమ కొయ్యకాళ్ళ మధ్య బంకమన్ను, మన్ను నిండా చెకుముకి రాళ్ళు. డిటెక్టర్ నా చేతికిచ్చి, దాని కింది కొసన ఉండే తీగచుట్టను, అంటే కాయిల్‌ను, నేలకు ఆనీ ఆనకుండా, కొడవలి తిప్పినట్టు అటూ ఇటూ తిప్పమన్నాడు. కాయిల్‌లో అటూ ఇటూ మారే కరెంటు పారుతుంటుంది. దాని చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగి, అక్కడ లోహం ఉంటే అందులోనూ చిన్న సుడులుగా కరెంటు పుట్టిస్తుంది. ఆ సుడుల జవాబును ఇంకో తీగచుట్ట పట్టుకుంటుంది. జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్ని బట్టి అది ఇనుమా, వెండా అని మిషను అంచనా వేస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో ఇనుము గొంతు బొంగురు, వెండి గొంతు సన్నం. చిక్కల్లా మధ్యలో. సిగరెట్ పెట్టెలోని రేకు ముక్కా చిన్న బంగారు ఉంగరమూ ఒకే గొంతుతో పలుకుతాయి. రేకు వద్దనుకున్నవాడికి బంగారమూ దక్కదు కాబట్టి అన్నీ తవ్వాల్సిందే.

తవ్వాను. మొదటి రెండు గంటల్లో తుపాకీ తూటాల ఇత్తడి అడుగులు, ట్రాక్టరు బోల్టులు, కోటు గుండీలు, గోలీకాయంత సీసపు గుండు ఒకటి. గుండు చేతిలోకి తీసుకుంటే దాని బరువుకు ఆశ్చర్యం వేసింది. పాతకాలపు మస్కెట్ తుపాకీదట. ఊరికి ఇంత దూరాన చేలో ఇన్ని కోటు గుండీలు ఎందుకున్నాయని అడిగితే, పట్నాల చెత్త, పాయఖానాల మట్టి బండ్లకెత్తి ఎరువుగా చేలకు తోలేవాళ్ళని చెప్పాడు. నాకు వెంటనే అర్థమైంది. మా ఊళ్ళో ఎండాకాలం పెంట తోలినప్పుడు దాంట్లో గాజు పెంకులు, పలకముక్కలు, తెగిపోయిన పట్టీ గొలుసులు రావూ? అమ్మ ముక్కుపుడక పోగొట్టుకుంటే ఇల్లంతా వెతికి, చివరికి పెంటదిబ్బను జల్లెడ పట్టింది.

తవ్విన ప్రతి గుంటనూ పూడ్చి, మట్టిగడ్డను తిరిగి మూతలా పెట్టి కాలితో అదిమి, కొయ్యకాళ్ళు కూడా సర్దాలి. పెద్దాయన ఈ విషయంలో ఏమాత్రం వదిలిపెట్టడు.

పన్నెండు గంటలప్పుడు పొదల కంచె వారగా సన్నని పలుకు వినబడింది. జానెడు లోతున, బొటనవేలి గోరంత పచ్చటి బిళ్ళ. పెద్దాయన దూరంగా ఉన్నాడు. పరుగున తీసుకెళ్ళి చూపించాను. భూతద్దం పెట్టి చూస్తే ఇద్దరు సైనికులు ఈటెలు పట్టుకుని నిలబడ్డారు, మధ్యలో జెండాకర్ర. 330ల నాటి, కాన్‌స్టంటైన్ వంశం కంచు నాణెం. పదిహేడు వందల ఏళ్ళ నాటి రోమన్ నాణెం నా అరచేతిలో! గుండె దడదడలాడింది. ఆయన సంబరంగా భుజం తట్టి, "ఎక్కడ?" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. కంచె పొడవు అర మైలు ఉంటుంది. గుంట పూడ్చేశాను, అదీ బాగా పూడ్చాను. ఫోనులో చోటు నమోదు చేయాలన్న మాటే సంబరంలో మరిచిపోయాను. గంటసేపు ఇద్దరం ఆ కంచె వెంట వంగి వెతికాం. దొరకలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ కారు దగ్గరికి వచ్చి టీ పోసిస్తూ, "ఇలాంటివి లక్షలున్నాయి, కొనుక్కుంటే రెండు మూడు పౌండ్లకు దొరుకుతాయి. ఈ కంచె పక్కన రోమన్లు ఉన్నారా లేదా అన్న సంగతి మాత్రం దీని చోటే చెప్పాలి" అన్నాడు. ఆ టీ నాకు గొంతు దిగలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక, చేను మధ్యలో చిన్న మిట్ట మీద ఇంకో పలుకు. ఈసారి ముందు ఫోను తీశాను. తర్వాతే పార. ఆరంగుళాల లోపే మట్టిగడ్డ విరిగి, దాని అంచున బూడిదరంగు రేకు కనిపించింది. వేలితో తుడవబోతే పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు. మట్టిలోని ఇసుకరేణువులు వెండిని గీరేస్తాయట. నీళ్ళసీసా తీసి బొట్లు బొట్లుగా పోశాడు. మట్టి కరిగిపోతూ ముందు ఉంగరాల జుట్టు కనిపించింది, తర్వాత ఒక కన్ను, సగం గడ్డం. వెనక్కి తిప్పితే జోడు గీతల శిలువ, దాని రెండు మూలల్లో మూడేసి చుక్కలు. ముఖం నిట్టనిలువునా సగానికి తెగి ఉంది.

విరగలేదు, కావాలనే కోశారు. మూడో హెన్రీ రాజు కాలపు పెన్నీ అది. అప్పట్లో వాడుకలో ఉన్నది పెన్నీ ఒక్కటే. అర పెన్నీ కావాలంటే శిలువ గీత వెంట సగానికి, పావు కావాలంటే మళ్ళీ సగానికి కత్తిరించేవాళ్ళు. గుండ్రటి అర పెన్నీలు, పావు పెన్నీలు క్రమం తప్పకుండా ముద్రించడం మొదలైంది 1279 నుంచే. శిలువ కొసలు అంచుదాకా సాగడానికీ ఒక కారణం ఉంది. నాణేల అంచులు కత్తిరించి వెండి దాచుకునే మోసం అరికట్టడానికి 1247లో ఈ ముద్ర తెచ్చారు. కొస కనబడకపోతే ఎవడో గీకాడని అర్థం. హాక్సన్ నిధిలోని వెండి నాణేలకూ దాదాపు అన్నింటికీ అంచులు గీకేశారు, చక్రవర్తి ముఖం జోలికి మాత్రం పోకుండా. నా అర పెన్నీకి మిగిలిన శిలువ కొసలు భద్రంగా ఉన్నాయి. దాదాపు ఏడు వందల యాభై ఏళ్ళ కిందట ఈ చేలో పని చేస్తూనో, నడిచిపోతూనో ఎవరో దీన్ని జారవిడుచుకున్నారు. అర పెన్నీ కూడా లెక్కే అయిన మనిషి. సాయంత్రం తిరిగొచ్చి వెతుక్కునే ఉంటాడు.

సాయంత్రం రైతుకు రెండూ చూపించాం. రోమన్ బిళ్ళ ఆయన మనవరాలికిచ్చి, అర పెన్నీ నన్నే ఉంచుకోమన్నాడు. ఒంటరి నాణెం సాధారణంగా ఇక్కడి చట్టం ప్రకారం నిధి కిందకు రాదు. మూడు వందల ఏళ్ళు దాటిన బంగారు, వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికినా వస్తుంది. అప్పుడు పద్నాలుగు రోజుల్లో కరోనర్‌కు, అంటే ఇలాంటి నిధుల విచారణ జరిపే అధికారికి, చెప్పాలి. 1996 చట్టం అది. హాక్సన్‌లో లాజ్ నడుచుకున్న తీరు ఆ చట్టం రావడానికి తోడ్పడిందని ఇక్కడ చెప్పుకుంటారు. నిధి కాని వస్తువులను కూడా జనం తమంతట తామే తెచ్చి చూపిస్తే రాసుకోవడానికి ప్రతి ప్రాంతానికీ ఒక అధికారి ఉంటారు. అలా నమోదైనవి ఇప్పటికి పదిహేను లక్షలు దాటాయి.

రెండు వారాల తర్వాత ఆ అధికారిణి దగ్గరికి వెళ్ళాం. అర పెన్నీని తూచి, రెండు వైపులా ఫొటో తీసి, చోటు అంకెలు టైపు చేసుకున్నారు. రోమన్ నాణెం ఫొటో కూడా తీసి చోటు అడిగారు. కంచె పక్కన అన్నాను. "కంచెలో ఏ చోట?" అన్నారు. తలదించుకున్నాను. ఆ గడిలో పొలం మొత్తానికి కలిపి ఒక అంకె వేశారు.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. 1878 నాటిది, పది రూపాయల విలువ దాటినది ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు చెప్పాలి. కానీ మా వైపు పొలంలో ఏదన్నా దొరికిందంటే రైతుకు ముందు పుట్టేది భయం. పోలీసులొస్తారు, చేను పోతుంది, లంకెబిందెలు దొరికాయని ఊరంతా పుకారు పుడుతుంది. అందుకని దొరికింది చీకట్లోనే కరిగించడానికి కంసాలి మూసలోకి వెళ్ళిపోతుంది. తెచ్చి చూపించినవాడికి కుర్చీ వేసి, టీ ఇచ్చి, చోటు అడిగి రాసుకునే మనిషి ఒకరు ప్రతి తాలూకాలో ఉంటే ఎంత బాగుండేది! అధికారిణి ఆఫీసులో కూర్చున్నంతసేపూ నా మనసులో ఇదే.

ఆ రాత్రి నాయనకు ఫోన్ చేసి అర పెన్నీ వీడియోలో చూపించాను. "ఎంత జేస్తాది?" అన్నాడు. నలభై యాభై పౌండ్లు చేయొచ్చన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"నాకూ ఒగటి దొరికింటిది రా. నీకు రెండేండ్లప్పుడు. మడక దున్నుతాంటే కర్రు కింద టంగుమనె. ఇంతుంటాది, పసుప్పచ్చగా. మీ యమ్మకు జరమొచ్చినప్పుడు కంసాలాయనకిచ్చి కరిగిస్తి."

"దాని మీద ఏముండేది నాయనా? బొమ్మా, రాతా?"

"ఏందో ఉండె. గుర్తు ల్యా."

"ఏ చేలో?"

"మూడెకరాల చేన్లో. మోటబాయి గడ్డకు తూర్పు పక్క, పాత చింతమాను ఉండెనే, దాన్నించి నాలుగు సాళ్ళు ఇవతలికి." ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పాడు. "చెట్టు కొట్టేసినారు గానీ దిమ్మె ఉంది. నువ్వొస్తే చూపిస్తా."

కాగితం తీసుకుని రాసుకున్నాను.