తంబురా పోకుండా పాత కచేరీ క్యాసెట్లు బాగుచేయడం: నా అనుభవం

ఇంట్లో ఉన్న పాత కచేరీ క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించి నాయిస్ తీసేద్దాం అనుకుంటున్నవాళ్ళకి ముందు ఒక్క మాట, నాయిస్ రిడక్షన్ జోలికి మొదట్లోనే వెళ్ళకండి, ఎందుకంటే మన సంగీతంలో అది ముందుగా తినేసేది తంబురానే. ఎవరూ పాడని చోటు ఒకటి చూపిస్తే అక్కడున్న చప్పుడంతా నాయిస్ అనుకుని మొత్తం రికార్డింగులోంచి తీసేయడం దాని పద్ధతి, మన కచేరీలో ఎవరూ పాడనప్పుడు కూడా తంబురా మోగుతూనే ఉంటుంది కదా, దానికి హిస్సు (టేపు వెనకాల స్‌స్‌మని వచ్చే చప్పుడు), తంబురా రెండూ ఒకటే. ఒక కాపీ మీద చేసి విన్నాను, గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది, కింద శ్రుతి లేదు.

నా దగ్గరున్నది ఎనభైల చివర్లో చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో జరిగిన ఒక గాత్ర కచేరీ. మా బాబాయి హాలు మధ్యలో కూర్చుని బ్యాటరీల మీద నడిచే చిన్న టేప్ రికార్డర్‌తో సీ-90 (మొత్తం 90 నిమిషాల) క్యాసెట్ల మీద ఎక్కించుకున్నది ఒకటి, మైక్ సెట్ మిక్సర్ నుంచి నేరుగా వైరు (లైన్) తీసి సీ-60ల (60 నిమిషాలవి) మీద ఎక్కించింది ఇంకొకటి, ఈ రెండోది విద్వాంసుడి గారి ఇంట్లోనే ఉంది. వాళ్ళబ్బాయి గారిని అడిగితే "తీసుకెళ్ళు బాబూ, అమ్మకానికి మాత్రం పెట్టొద్దు" అన్నారు. నిజానికి చట్టం ప్రకారం కూడా పాడినవాళ్ళ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది, కాబట్టి ఇలాంటి పనిలో ముందు కుటుంబాన్ని అడగాల్సిందే. నేను ఈ రెండింటినీ కలిపి ఒకటే చేశాను, లైన్ రికార్డింగుని, జనంలోంచి చేసినదాన్ని ఇలా కలిపితే అమెరికాలో మ్యాట్రిక్స్ అంటారు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండు వాళ్ళయితే 1984లో రికార్డు చేసుకునేవాళ్ళ కోసం విడిగా సీట్లే ఇచ్చారు.

క్యాసెట్లు వేసే డెక్కు ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికింది, బెల్టు మాత్రం కోఠి గుజరాతీ గల్లీలో వేయించా. క్యాసెట్టు పెట్టే ముందు లోపల టేపుని హెడ్‌కి (డెక్కులో టేపుని చదివే భాగం) ఆనించే స్పంజి ముక్క ఉందో ఊడిపోయిందో చూసుకోండి, పాతవాటిలో జిగురు ఎండిపోయి రాలిపోతుంది, అది లేకపోతే పై శబ్దాలన్నీ పోతాయి. తర్వాత హెడ్ పక్కనున్న అజిముత్ స్క్రూ, అంటే టేపుకి హెడ్ ఆనే కోణాన్ని సర్దేది, దీన్ని ప్రతి క్యాసెట్టుకీ విడిగా సర్దాలి, సాహిత్యంలో స, శ అక్షరాలు స్పష్టంగా విచ్చుకునేదాకా చాలా మెల్లగా తిప్పుతూ వినాలి. ఇక్కడ పోయింది తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు.

అసలు పని స్పీడు దగ్గర మొదలైంది. కరెంటు హమ్ (కరెంటు వల్ల రికార్డింగులో చేరే సన్నటి మోత) 50 హెర్ట్జ్ ఉండాలి కదా, టేపులో అది ఎంతుందో చూసి స్పీడు సరిచేసుకోమని అందరూ చెప్తారు, కానీ అది మన దగ్గర అప్పటి టేపులకి పనికిరాదు, 2002-03లో ఏబీటీ పద్ధతి (గ్రిడ్డు ఫ్రీక్వెన్సీని బట్టి కరెంటుకి లెక్కగట్టేది) వచ్చేదాకా మన గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలకడగా ఉండేదే కాదు, బాగా కిందికీ పైకీ పోతుండేది. అందుకని శ్రుతినే పట్టుకున్నా. విద్వాంసుడు గారు పాడింది ఒకటిన్నర శ్రుతి, ఆ రోజుల్లో ఆయన రేడియో కచేరీలు కూడా అదే శ్రుతిలో ఉన్నాయి, వాళ్ళబ్బాయి గారూ అదే చెప్పారు, అంటే సా 138.6 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. లైన్ కాపీలో 1 శాతం తక్కువుంది, కానీ నిలకడగా ఉంది, అది తేలిక. బాబాయి టేపులో మాత్రం మొదట్లో సరిగ్గానే ఉన్న సా చివరికొచ్చేసరికి దాదాపు 143కి ఎక్కేసింది, బ్యాటరీలు నీరసించేకొద్దీ టేపు మెల్లగా తిరుగుతూ రికార్డయింది, దాన్ని ఇప్పుడు మామూలు స్పీడులో వేస్తే శ్రుతి పైకి పోతుంది. తంబురా సాని కొలుచుకుంటూ ముక్క ముక్కకీ స్పీడు దించుకుంటూ వచ్చాను, హిస్సుతో పాటు తంబురాని కూడా తీసేసి ఉంటే ఈ కొలత దేన్ని పట్టుకుని తీసుకునేవాణ్ణి చెప్పండి.

రెండూ ఒకే శ్రుతికి వచ్చాక పక్కపక్కన పెట్టడం. బాబాయి సీటు స్పీకర్లకి సుమారు 17 మీటర్ల దూరం, శబ్దం అంత దూరం రావడానికి 50 మిల్లీసెకన్లు పడుతుంది, అలాగే కలిపేస్తే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. రీపర్ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మృదంగం దెబ్బల్ని గుర్తులుగా పెట్టుకుని హాలు కాపీని ముందుకి జరిపా, అయినా క్యాసెట్టు స్పీడు ఊగిసలాట వల్ల పూర్తిగా అతుక్కోవు, రెండూ సమానంగా వినిపిస్తే గొంతు సుడి తిరుగుతున్నట్టు ఉంటుంది. అందుకే లైన్ కాపీని పైన ఉంచి హాలుది 8 డెసిబెల్స్ దాకా తగ్గించి, 150 హెర్ట్జ్ కింద ఉన్న గుయ్ గుయ్ కోసేశా. మృదంగానికి సొంతంగానే చప్పుడెక్కువ కాబట్టి మైక్ సెట్ వాళ్ళు దాని మైకు తగ్గించి ఉంచుతారు, దాంతో లైన్ టేపులో మృదంగం బాగా వెనక్కుంది, హాలు కాపీ కలిపాకే ముందుకొచ్చింది. తోడి రాగం ఆలాపనలో ఒకాయన "భళా" అన్నది, నిరవల్‌లో (ఒకే పంక్తిని రకరకాలుగా పాడే చోట) జనం చేత్తో తాళం వేసింది అన్నీ బాబాయి టేపులోవే, లైన్‌లో అయితే విద్వాంసుడు గారు ఖాళీ గదిలో పాడుతున్నట్టుంది. దగ్గులు కూడా ఉంచేశా, మధ్యలో ఒక కుర్చీ కిర్రుమన్నది మాత్రం తీసేశా. నాయిస్ విషయంలో చేసిందల్లా క్లిక్కులు తీయడం, లైన్ టేపులో హమ్‌ని సన్నగా కోయడం, అంతే. హిస్సు కొంచెం వినిపిస్తుంది, వినిపించనీ.

క్యాసెట్టు తిప్పినప్పుడు పోయిన చోట్ల ఒకదాని ఖాళీని ఇంకోటి పూడ్చింది. లైన్‌ది 30 నిమిషాలకోసారి, బాబాయిది 45కోసారి తిప్పాలి, కాబట్టి గంటన్నర దగ్గర మాత్రం ఇద్దరివీ కొంచెం అటూ ఇటుగా ఒకేసారి అయిపోయాయి, అది సరిగ్గా తని ఆవర్తనం (గాత్రం ఆగి తాళవాద్యం విడిగా వాయించే భాగం) మొదలయ్యే చోటు. అక్కడ అతికించలేదు, శబ్దం దించి మళ్ళీ ఎత్తి, ఇక్కడ ముక్క లేదని ఫైలుతో పాటు రాసిపెట్టా. ముట్టుకోని ఒరిజినల్స్ కూడా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో ఫైలు) చేసి వాళ్ళింట్లో ఒక కాపీ ఇచ్చాను. మృదంగం వాయించినాయన శిష్యుడొకరు సికింద్రాబాద్‌లో ఉంటారు, ఆ రోజు ఆయన కూడా స్టేజీ పక్కన క్యాసెట్టు పెట్టుకున్నారని వాళ్ళబ్బాయి గారు చెప్పారు, ఫోన్ చేస్తే అటక మీద వెతికి చెప్తానన్నారు.