లండన్ చెట్టు తొర్రలో రామచిలుక

పిల్లల పుస్తకాల్లో ప్రతి జంతువుకూ ఒక చిరునామా ఉంటుంది. ఒంటె ఎడారిలో, ధ్రువపు ఎలుగుబంటి మంచు మీద, చిలుక వానలు కురిసే దట్టమైన అడవిలో. ఎడమ వైపు బొమ్మలు, కుడి వైపు చోట్లు, మధ్యలో పెన్సిల్‌తో గీతలు గీయాలి. నైరుతి లండన్‌లో పెరుగుతున్న మా పెద్దదానికి చిలుక దగ్గరికి వచ్చేసరికి గీత ఆగిపోయింది. మా వెనక పెరట్లో పొద్దున్నే గోల చేసే పక్షి అమ్మమ్మ కథల్లోని రామచిలుకే. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర ముక్కు, మగదానికి మెడ చుట్టూ నలుపూ గులాబీ కలిసిన పట్టీ. రిచ్‌మండ్ పార్కులో, క్యూ తోటల్లో, కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. చలికాలంలో ఆకులు రాలిన ఓక్ కొమ్మల మీద వాటిని చూసి పెరిగిన పిల్ల, చిలుక అడవిలో ఉంటుందంటే ఎందుకు ఒప్పుకుంటుంది?

ఇంగ్లండ్‌లో రెండో ఏడు సైన్సులో జీవులు, వాటి ఆవాసాలు అని ఒక పాఠమే ఉంది. ఆరేడేళ్ల పిల్లలు ఒక చోటును చూసి అక్కడ ఎవరు బతుకుతున్నారో, వాళ్లకు కావలసినవి ఆ చోటు ఎలా ఇస్తోందో, ఎవరు ఎవరిని తింటారో చెప్పాలి. ఇందులో నాకు బాగా నచ్చింది చిన్న చోట్ల సంగతి. రాయి కింద, ఎండుటాకుల కుప్పలో, పడిపోయిన మొద్దు కింద. మొద్దు ఎత్తగానే పరుగెత్తే బూడిద రంగు వుడ్‌లైస్‌ని ఒక పెట్టెలో వదిలి, సగం తడిగా, సగం పొడిగా ఉంచితే అవి తడి వైపే చేరతాయి. చూడటానికి పురుగులే గానీ రొయ్యలు, పీతలకు చుట్టాలు. మొప్పల్లాంటి వాటితో గాలి పీల్చుకుంటాయి కాబట్టి తేమ లేకపోతే బతకలేవు. ఇది చూసిన పిల్లకు ఆవాసం అంటే ఏంటో నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

రిచ్‌మండ్ పార్కుకు మొదటిసారి వెళ్లినప్పుడు విరిగిపడ్డ ఓక్ చెట్లు ఎక్కడివక్కడే వదిలేసి ఉండటం చూసి, ఇంత డబ్బున్న దేశంలో వీటిని తీయించే దిక్కు లేదా అనుకున్నాను. మా ఊళ్లో అయితే సాయంత్రానికి ఒక్క పుల్ల కూడా మిగలదు, అన్నీ పొయ్యిలోకే. ఇక్కడ కావాలనే ఉంచుతారు. కొమ్ముల్లాంటి దవడలున్న స్టాగ్ బీటిల్ అనే పెద్ద పురుగు పిల్లదశలో కుళ్లుతున్న కర్రను తింటూ ఏళ్ల తరబడి నేలలోనే ఉంటుంది. రెక్కలొచ్చి పైకి వచ్చాక ఒక్క వేసవి బతుకుతుంది. చచ్చిన చెట్టు ఒక ఊరంత సందడి అని మా చిన్నవాడికి ఎక్కింది. ఇప్పుడు ప్రతి మొద్దునూ దొర్లించి చూస్తానంటాడు. చూశాక మళ్లీ ఉన్నట్టే పెట్టించడం నాకు పెద్ద పని.

ఇక చిలకల సంగతి. ఇవి ఎలా వచ్చాయన్న దానికి లండన్‌లో చాలా కథలున్నాయి. సినిమా షూటింగ్ నుంచి తప్పించుకున్నాయని కొందరు, ఒక గిటారు వాద్యకారుడు పంజరం తెరిచేశాడని కొందరు. పరిశోధకులు ఆ కథలకు ఆధారం లేదంటున్నారు. పెంచుకోవడానికి తెచ్చినవి అక్కడొకటి ఇక్కడొకటి ఎగిరిపోయి, 1969లో కెంట్ వైపు బయట గూడు పెట్టి పిల్లల్ని చేశాయి. జన్యువులు చూస్తే వీటి పూర్వీకులు ఎక్కువగా ఉత్తర భారతం, పాకిస్తాన్ వైపువి. అక్కడి చలికి అలవాటు పడ్డవి కాబట్టి ఇక్కడ తట్టుకున్నాయి. పెరట్లో జనం వేలాడదీసే పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలు చలికాలం గట్టెక్కిస్తాయి. పాత చెట్ల తొర్రలు గూటికి పనికొస్తాయి. తిండి, తొర్ర, తట్టుకోగలిగే చలి: ఈ మూడూ ఉన్నచోట బతికాయి. పుస్తకంలో గీయాల్సిన గీత నిజానికి ఇక్కడికి.

మా తెలుగు వాట్సాప్ గ్రూపులో చిలుక ఫొటో పెడితే చాలు, "మనలాగే వచ్చి స్థిరపడింది" అని ఎవరో ఒకరు రాస్తారు, కింద వరసగా దండాలు. పక్షుల్ని శ్రద్ధగా చూసే పక్కింటి పెద్దాయనకు మాత్రం ఇవంటే ఒళ్లు మంట. ఇవి చలికాలంలోనే తొర్రలు పట్టేస్తాయని, వసంతంలో తొర్రల్లో గూడు పెట్టే నట్‌హాచ్ అనే చిన్న పిట్టలకు చోటు లేకుండా చేస్తాయని ఆయన వాదన. పూర్తిగా తప్పని అనలేను. బెల్జియంలో చిలకలు ఎక్కువైన చోట నట్‌హాచ్‌లు తగ్గినట్టు పరిశోధనలో తేలింది, బ్రిటన్‌లో అంత స్పష్టంగా కనిపించలేదు. 2010 నుంచి ఇంగ్లండ్‌లో పంటకు పెద్ద నష్టం జరిగితే వీటిని చంపడానికి కూడా వీలుంది.

పిల్ల అడిగింది, "అమ్మా, అవి బయటి నుంచి వచ్చాయి కాబట్టి చెడ్డవా?" ఆ ప్రశ్న వెనక ఏముందో నాకు తెలుసు. ఆ టెన్షన్‌లో చాలామంది తల్లిదండ్రులు చిలుకను వెంటనే మనింటి మనిషిని చేసేస్తారు. నేను ఆ దారి పట్టదలచుకోలేదు. మేము వీసా తీసుకుని, ఉద్యోగాల కోసం వచ్చాం, మాకు తొర్ర అక్కర్లేదు. మనుషుల రాకపోకల కథను పక్షి మీద రుద్దితే రెండూ అర్థం కావు. రేపు ఎవరైనా పక్షుల గురించి అన్న మాటను పిల్ల తన మీదికి తీసుకుంటుంది కూడా. అందుకే తొర్ర దగ్గరికే తీసుకెళ్లాను. ఎవరు ముందొచ్చారు, ఎవరికి చోటు పోయింది, కొత్త తొర్రలు చేసే వడ్రంగిపిట్టలు ఎన్ని ఉన్నాయి, చిలకల్ని తినే పెరిగ్రిన్ డేగలు ఎక్కడున్నాయి. చూసి లెక్కపెట్టగలిగిన ప్రశ్నలు ఇవే.

ఉడతల దగ్గర కూడా ఇదే గొడవ. లండన్ పార్కుల్లో ఉరుకులాడే బూడిద రంగు ఉడత ఉత్తర అమెరికా నుంచి 1876లో తెచ్చి వదిలిన జాతి. ఇక్కడి ఎర్ర ఉడత ఇప్పుడు ఎక్కువగా స్కాట్లాండ్‌కు, మరికొన్ని మూలలకు పరిమితమైంది. మా చిన్నవాడి సందేహం వేరు: "దీనికి చారలు లేవేంటి, రాముడు నిమరలేదా?"

వేసవిలో పల్నాడులో మా అమ్మగారింటికి వెళ్లినప్పుడు, చిలకలకు తమ ఊళ్లో అయినా మర్యాద దొరుకుతుందని పెద్దది అనుకుంది. మా నాన్న ముందు ఆ పప్పులు ఉడకలేదు. "చిలకలా? కంకి మిగలనిస్తాయా అవి!" అన్నాడు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి, ఒడిసెలతో రాళ్లు విసిరి వాటిని తోలిన కథలు మొదలుపెట్టాడు. లండన్‌లో పక్కింటాయన, ఇక్కడ తాతయ్య, ఇద్దరూ ఒకే పక్షిని తిట్టడం పెద్దదానికి భలే వింతగా తోచింది. అమ్మ మాత్రం రామదాసు కథ చెప్పింది, పూర్వజన్మలో చిలుకను పంజరంలో పెట్టినందుకే గోల్కొండ చెరసాల పాలయ్యాడని. భారతదేశంలో చిలుకను పంజరంలో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని నేను చెబితే ఎవరూ వినలేదు, రామదాసు దగ్గర మాత్రం పిల్లలిద్దరూ నోరు తెరుచుకుని కూర్చున్నారు. పంజరంలో గింజలుంటాయి, నీళ్లుంటాయి, మరి ఏం లేదు అని అడిగితే "తొర్ర, ఇంకా ఫ్రెండ్స్" అన్నాడు చిన్నవాడు.

ఆ ఊళ్లో వాటి తొర్రలు ఎక్కువగా తల విరిగిన తాటి మోడుల్లో ఉన్నాయి. ఒకటి మా పశువుల పాకకు ఆనుకునే ఉంది. దాన్ని కొట్టించాలని నాన్న ఎప్పటినుంచో అంటున్నాడు. లండన్ వచ్చాక పెద్దది ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో "మోడు కొట్టొద్దు తాతయ్యా" అని మొదలెడుతుంది. "పాక మీద పడితే మీ చిలకలు వచ్చి లేపుతాయా?" అంటాడు ఆయన. పొలం గట్టున ఉన్న రెండో మోడును మాత్రం ముట్టుకోనని ఇప్పటికి ఒప్పుకున్నాడు. పాక పక్కది సంక్రాంతి లోపు తేల్చాలట.